ఎవరూ వాడని నూట డెబ్బై వాట్లు

ఇంట్లో స్విచ్చులన్నీ ఆపేశాక కూడా ఆ చిన్న పెట్టె మీద అంకె సున్నాకి రాలేదు. నూట డెబ్బై దగ్గర ఆగి, ఒకటి పైకీ ఒకటి కిందికీ కదులుతూ ఉంది. రీడింగాయన ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు, టీవీ ప్లగ్గు పీకాడు, ఫోన్ చార్జర్లు పీకాడు, చివరికి గోడ గడియారం కూడా దించబోయి, అది బ్యాటరీతో నడిచేదని గుర్తొచ్చి తనలో తనే సిగ్గుపడి మానుకున్నాడు. మిట్టమధ్యాహ్నం. భార్య పక్కింటికి వెళ్ళింది, కూతురు ఆఫీసులో, మనవరాలు బడిలో. ఇంట్లో చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. అంత నిశ్శబ్దంలో, తనకు తెలియని మనిషెవరో ఇంట్లోనే కూర్చుని తాపీగా కరెంటు తాగుతున్నట్టు అనిపించింది ఆయనకు. పెట్టె కింద పెట్టి వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. భార్య తిరిగొచ్చేదాకా లోపలికి వెళ్ళలేదు.

వీధిలో అందరూ ఆయన్ని రీడింగాయన అనే అంటారు. అసలు పేరు పోస్టుమ్యాన్‌కి తప్ప ఎవరికీ అవసరం పడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కరెంటాఫీసు తరఫున ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసి అంకెలు రాసుకున్న మనిషి. చెప్పుల స్టాండు వెనకా, మెట్ల కిందా, పాత పరుపులు కుక్కిన గదుల్లో, జనం మీటర్లని ఎక్కడెక్కడ దాచిపెడతారో ఆయనకే తెలుసు. ఎత్తులో ఉన్న మీటర్లకి టార్చి పట్టీ పట్టీ ఎడమ భుజం కొంచెం పైకి లేచిపోయింది. ఏ ఇంట్లో కొత్తగా హీటరు కొన్నారో, ఏ ఇంట్లో పెద్దాయన పోయి ఒక ఫ్యాను ఆగిపోయిందో, లోపలికి వెళ్ళకుండానే చెప్పగలిగేవాడు. కుక్కలు కరిచాయి, ఆడవాళ్ళు తిట్టారు, ఒకాయన మెట్ల మీద నుంచి తోసేశాడు. తోసేసినాయనది దొంగ కరెంటు. అలాంటివాళ్ళని నూట నలభై మందిని పట్టుకున్నాడు రీడింగాయన. మాట్లాడితే వినపడీ వినపడనట్టుండే ఆయన గొంతు, ఆ నూట నలభై దగ్గరికొచ్చేసరికి మాత్రం ఖంగుమనేది.

తర్వాత తమ అంకెలు తామే ఆఫీసుకి పంపుకునే మీటర్లు వచ్చాయి. ఆయన్ని ఒక కుర్చీలో కూర్చోబెట్టారు, రెండేళ్ళకి ఒక దండ వేసి ఇంటికి పంపారు. ఇంట్లో ఏం చెయ్యాలో తోచేది కాదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండాలో ఉన్న సొంత మీటరు ముందు రెండు నిమిషాలు నిలబడి, మళ్ళీ లోపలికొచ్చి చొక్కా విప్పేసేవాడు. అది చూసి భార్య నవ్వేది. కూతురికి మాత్రం నవ్వు రాలేదు, జాలేసింది. ఆమె భర్తది ఓడ మీద ఉద్యోగం, ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళ మీదే, అందుకని ఏడేళ్ళ కూతుర్ని తీసుకుని పుట్టింట్లోనే ఉంటోంది. రెండు నెలలుగా ఇంట్లో కరెంటు వాడకం ఎందుకో పెరుగుతూ పోతోందని గమనించి, ఆ సాకుతో ఒక పరికరం కొనుక్కొచ్చింది.

అందులో మెయిన్ వైరుకి బట్టల క్లిప్పులా తగిలించేది ఒకటి, అరచేతిలో ఇమిడే పెట్టె ఒకటి. ఈ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు వాడుతోందో పెట్టె మీద కనపడుతుంది. రోజంతా ఎప్పుడు ఎంత వాడారో ఫోన్‌లో ఒక గీతగా గీసి చూపిస్తుంది. "నాన్నా, నీకిది బాగా తెలిసిన పనే. మనింటికి నువ్వే రీడరువి," అంది కూతురు. ఆయన మొహం వెలిగిపోయింది.

మొదటి వారం ఇంట్లోవాళ్ళకి చుక్కలు చూపించాడు. టీవీ ఆపేసినా దాని ఎర్ర దీపం ఎన్ని వాట్లు తింటుందో చెప్పాడు. ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైందని కాగితం పెట్టి లాగి చూపించి కొత్తది వేయించాడు. మోటారు ఎంతసేపు తిరిగితే ట్యాంకు నిండుతుందో గడియారం పట్టి లెక్క కట్టాడు. భార్య మిక్సీ వేస్తుంటే పెట్టె పట్టుకుని పక్కనే నిలబడేవాడు.

"ఆ క్లిప్పేదో నాకు కూడా తగిలించండి. రోజుకి నేనెంత తింటున్నానో అదీ తెలుస్తుంది," అందావిడ.

"నీకు తగిలిస్తే కాలిపోతుందే."

ఎగతాళి చేస్తే చేశారు గాని, పది రోజులు తిరక్కుండా వాడకం మూడో వంతు తగ్గింది. తగ్గనిది ఆ నూట డెబ్బై ఒక్కటే. అన్నీ ఆపినా అది ఉంటుంది. పగలుంటుంది, సాయంత్రం ఉంటుంది, అందరూ పెళ్ళికి వెళ్ళి ఇల్లు తాళం వేసిన రోజు కూడా ఉంది. ఆ అంకె చూసినప్పుడల్లా ఆయనకు భయం వేసేది. ఎందుకు భయమో అడిగితే చెప్పలేడు. ఇన్నేళ్ళ పనిలో, ఎక్కడికి పోతుందో తెలియని కరెంటుని తన కప్పు కిందే చూడాల్సి రావడం ఇదే మొదలు.

ఆ ఇంటి వైర్లు రెండు వరసలుగా పోతాయి. వెతకడం తెలిసినవాడు కనుక, ఒక ఫ్యూజు పీకి చూశాడు, అంకె కదల్లేదు. రెండోది పీకగానే సున్నా అయింది. ఆ రెండో వరస మీద ఉన్నవి వంటిల్లు, మనవరాలి చిన్న బాత్రూము, పైకి వెళ్ళే మెట్ల దీపం. వంటిల్లంతా ఖాళీ చేసి చూశాడు. బాత్రూములో దీపం, గీజరు రెండూ ఆపే ఉన్నాయి. ఇక మిగిలింది మెట్లు. మెట్ల పైన ఒక గది. ఆ గదిలో ఏడాదిగా అద్దెకుంటున్న అమ్మాయి.

అంతే, నూట నలభై మందిని పట్టుకున్న బుర్ర క్షణంలో లెక్క తేల్చేసింది. ఆ అమ్మాయి కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఆమెకి వేరే మీటరుంది. అయినా మెట్ల దీపం వైరులోంచి ఒక పాయ గదిలోకి లాక్కోవడం ఎంతసేపు? అలాంటివి ఆయన ఎన్ని చూళ్ళేదు.

క్లిప్పుని ఆ రెండో వరస వైరుకే మార్చి, కొన్నాళ్ళు ఫోన్‌లో గీత చూస్తే అనుమానం కాస్తా నిర్ధారణ అయింది. రోజూ పొద్దున ఏడూ ఇరవై ప్రాంతంలో నూట డెబ్బై కాస్తా పైకి లేస్తోంది. రెండొందలు, రెండొందల నలభై, ఒక్కోరోజు ఇంకా పైకి. పది పన్నెండు నిమిషాలు ఉండి, మెల్లిగా దిగుతోంది. సరిగ్గా అప్పుడే పైన ఆ అమ్మాయి అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు, బకెట్టు జరిపిన చప్పుడు. ఆదివారాలు ఆ అమ్మాయి ఆలస్యంగా లేస్తుంది, గీత కూడా తొమ్మిది దాటాకే లేస్తోంది. ఆయన ఒక నోటుపుస్తకం తీసి, తేదీ, టైము, అంకె, ఎదురుగా 'పై అమ్మాయి' అని రాయడం మొదలుపెట్టాడు. పాత రోజుల్లోలాగా చేతివేళ్ళకి మళ్ళీ సిరా అంటుకుంది. భయం కొంచెం తగ్గింది. తాగుతున్నదెవరో తెలిశాక భయం దేనికి?

ఒక సాయంత్రం మెట్లెక్కి తలుపు కొట్టాడు.

"అమ్మాయ్, పొద్దున్నే ఏం వాడుతున్నావు నువ్వు? హీటరా, ఇస్త్రీ పెట్టా?"

"ఒక ఫ్యాను, ఒక లైటు, టీ కెటిలు, అంతే బాబాయిగారూ. ఎందుకండీ?"

"మా లైను మీద లోడు పడుతోంది. పొద్దున ఏడూ ఇరవైకి. రాసిపెట్టాను."

ఆ అమ్మాయికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. తలుపు బార్లా తీసి పక్కకి తప్పుకుంది. "లోపలికొచ్చి మీరే చూసుకోండి." ఆయన నిజంగానే వెళ్ళి చూశాడు. మంచం కింద చూశాడు, కిటికీ వెనక చూశాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం కూడా ఆయనకి రుజువుగానే తోచింది, తెలివైనవాళ్ళు వస్తువు దాచేస్తారు. దిగి వస్తుంటే వెనకనుంచి ఆ అమ్మాయి అంది, "నెలాఖరుకి గది ఖాళీ చేస్తానండీ. దొంగ అనిపించుకుంటూ ఉండలేను."

ఈ సంగతి తెలిసి భార్య రెండు రోజులు మాట్లాడలేదు. కూతురు మాత్రం, "నాన్నా, ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపిద్దాం," అంది. "నాకంటే ఎక్కువ తెలుసా వాడికి," అన్నాడాయన. ఆ మాటతో ఆమె ఊరుకుంది.

ఒక బుధవారం సాయంత్రం ఆ అమ్మాయి గదికి తాళం వేసి వాళ్ళ అక్కగారింటికి వెళ్ళింది. కొత్త గది చూసుకోవడానికే అయ్యుంటుంది. తాడోపేడో తేల్చుకోవడానికి ఇదే అదననుకున్నాడు రీడింగాయన. మర్నాడు పొద్దున్న అందరికంటే ముందు లేచి, మెయిన్ ఆపి, మెట్ల దీపం వైరుని జాయింటు దగ్గర విప్పి వేరు చేసి, కొనకి టేపు చుట్టి, మళ్ళీ మెయిన్ వేశాడు. ఇప్పుడు పైకి వెళ్ళే దారే లేదు. ఏడు దాటాక వరండాలో బోర్డు ముందు నిలబడి, పెట్టె చేతిలోకి తీసుకుని, అంకె సున్నా కోసం చూశాడు.

నూట డెబ్బై.

పెట్టెని ఆపి మళ్ళీ వేశాడు. నూట డెబ్బై ఒకటి. నూట డెబ్బై. పైన తాళం వేలాడుతోంది, వైరు విప్పి ఉంది, వంటింట్లో భార్య ఇంకా పొయ్యి దగ్గరే ఉంది, మిక్సీ మొదలుపెట్టలేదు. మరి ఎవరు? ఆయన చూస్తుండగానే అంకె నూట ఎనభై అయింది. నూట తొంభై ఐదు. గోడకున్న గడియారం ఏడూ ఇరవై రెండు చూపిస్తోంది. లోపల చిన్న బాత్రూములో నీళ్ళు పడుతున్న చప్పుడు, ఆ చప్పుడులో మనవరాలు ఏదో బడి పాట పాడుకుంటున్న గొంతు.

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, వెంట తిప్పుకుని పని నేర్పిన ముసలి లైన్‌మ్యాన్ ఒకాయన అన్నాడు: "లెక్కలేకుండా కరెంటు పోతోందంటే మనిషన్నా తాగుతుండాలి, నేలన్నా తాగుతుండాలి. మనిషి తాగితే కేసు రాయి. నేల తాగుతుంటే పరిగెత్తి మెయిన్ పీకు." ముప్ఫై ఒక్క ఏళ్ళలో రీడింగాయనకి ఎప్పుడూ మనుషులే తగిలారు. రెండో ముక్క బుర్రలోంచి ఎప్పుడు జారిపోయిందో ఆయనకే తెలియదు.

రెండొందల ఇరవై.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ బోర్డులో, కరెంటు ఎక్కడైనా గోడలోకో మనిషిలోకో దారి తప్పితే దానంతటది పడిపోయే స్విచ్చు ఒకటుంది. వానలు మొదలయ్యాక అది రోజుకి పదిసార్లు పడిపోతుంటే, ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతుంటే, భార్య విసుక్కుంటుంటే, చెమ్మకి చెడిపోయిందిలే అనుకుని స్క్రూడ్రైవరు తీసుకుని దాన్ని పక్కకి తప్పించి వైర్లు నేరుగా కలిపేశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునేంత పని కాదనుకున్నాడు. ఆ తర్వాత ఆయనకే గుర్తులేదు. ఇప్పుడు ఆ రెండు వైర్లూ సరిగ్గా ఆయన కళ్ళ ముందున్నాయి.

రెండొందల అరవై.

మెయిన్ స్విచ్చు మీద చెయ్యి వేశాడు గాని వేళ్ళు చెమటకి జారిపోయాయి. రెండు చేతులతో పట్టుకుని కిందికి గుంజాడు. పెట్టె మీద అంకె పోయింది. ఇంట్లో ఫ్యాన్లన్నీ నెమ్మదించాయి. బాత్రూములో పాట ఆగిపోయింది.

పాట మళ్ళీ మొదలవలేదు. "బుజ్జీ," అని పిలిచాడు. హాల్లోంచి పరిగెత్తాడు, కుర్చీ తగిలి పడబోయాడు, తలుపు దగ్గరికి చేరి బాదాడు. "బుజ్జీ, తలుపు తియ్యమ్మా." లోపల నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఈ మధ్యే ఒంటరిగా స్నానం చెయ్యడం, లోపల గడియ వేసుకోవడం నేర్చుకుంది ఆ పిల్ల. అంత పెద్దదయ్యానని రోజూ అందరికీ చెప్పుకుంటుంది. కూతురు గదిలోంచి సగం దువ్విన తలతో వచ్చింది, "ఏమైంది నాన్నా," అంటూనే తండ్రి మొహం చూసి తనూ తలుపు బాదడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి గరిటెతో వచ్చిన ఆవిడ, ఆ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. భుజంతో తలుపుని గుద్దాడు ఆయన. మంచి చెక్క, తనే ఏరి చేయించిన తలుపు. చలించలేదు. రెండోసారి గుద్దబోతుంటే గడియ తీసిన చప్పుడైంది.

తుండు చుట్టుకుని, ఒక కన్ను మూసుకుని నిలబడి ఉంది మనవరాలు. కూతురు పిల్లని అమాంతం ఎత్తుకుని హాల్లోకి తీసుకుపోయింది. ఆ తడితో, ఆ సబ్బునురగతో అలాగే గుండెలకి అదుముకుంది.

"లైటెందుకు తీసేశావు తాతా? నా కంట్లో సబ్బు పడింది."

"పిలిస్తే పలకవేంటే," అంది అమ్మమ్మ.

"చీకట్లో మాట్లాడితే దెయ్యం వింటుందిగా. అందుకని నోరు మూసుకున్నా." తల్లి భుజం మీద నుంచి తాత వైపు చూసి అంది, "తాతా, లైటు పోయాక కొళాయి కితకితలు పెట్టడం మానేసింది."

"ఏ కొళాయే?" అని కూతురు మెల్లిగా అడిగింది.

"నా కొళాయే. పట్టుకుంటే చెయ్యంతా చిమచిమలాడుతుంది. ఎక్కువ పట్టుకుంటే ఇక్కడిదాకా వస్తుంది." మోచెయ్యి చూపించింది. "నేను పది అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోగలను. నిన్న పన్నెండు."

రీడింగాయన వెళ్ళి బాత్రూము తలుపు మూసి బయట గడియ పెట్టాడు.

పది గంటలకి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నడివయసు మనిషి, మాటలు తక్కువ. కొళాయి పక్కన రెండు పలకలు పగలగొట్టి టార్చి వేసి చూశాడు. గీజరు స్విచ్చుకి వెళ్ళే వైరు, స్విచ్చు ఆపినా ఎప్పుడూ కరెంటు ఉండేది, అక్కడ గోడలో ఉంది. దాని తోలు ఒకచోట గీరుకుపోయి, లోపలి రాగి తీగ పైపుకి ఆనుకుని నల్లబడి ఉంది. గోడ తడిసిన కొద్దీ ఇంకా ఎక్కువ కారుతుందని చెప్పాడు.

"ఈ పైపు ఈ మధ్య వేసిందిలా ఉందే. డ్రిల్లు తగిలింది వైరుకి."

కూతురు తండ్రి వైపు చూసింది. వానల ముందు, మనవరాలికి కొళాయి అందడం లేదని, మునివేళ్ళ మీద నిలబడి జారి పడుతుందేమోనని, ప్లంబరుని పిలిపించి తను దగ్గరుండి పిల్ల ఎత్తుకి సరిపోయేలా దాన్ని కిందికి దింపించింది ఆయనే. ఇంకో జానెడు కిందికి అని డ్రిల్లు పెట్టాల్సిన చోటు వేలితో చూపించింది కూడా ఆయనే.

ఎలక్ట్రీషియన్ వరండాలోకి వెళ్ళి బోర్డు తెరిచి చాలాసేపు నిలబడ్డాడు.

"ఈ స్విచ్చు తప్పించి డైరెక్టుగా కలిపిందెవరండీ? ఇది ఉండుంటే మొదటి రోజే పడిపోయేది. పడిపోతూనే ఉండేది."

ఏ మెకానిక్కో, ఏ ప్లంబరో కలిపాడని చెప్పడం ఎంతసేపు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది రీడింగాయనకి. ఎలక్ట్రీషియన్ వెనక కూతురు నిలబడి ఉంది, ఆమె చెయ్యి పట్టుకుని పొడి బట్టల్లో మనవరాలు.

"నేనే," అన్నాడు.

ఎలక్ట్రీషియన్ తల దించుకుని పని చేసుకుని, స్విచ్చుని మళ్ళీ దాని చోట పెట్టి, వైరు మార్చి, రెండు రోజులు ఆ బాత్రూము జోలికి వెళ్ళొద్దని చెప్పి వెళ్ళిపోయాడు. మెయిన్ వేశాక పెట్టె మీద సున్నా కనపడింది. దాన్ని ఎవరూ చూడలేదు.

పిల్లని అమ్మమ్మతో పంపించేసి కూతురు బల్ల దగ్గర కూర్చుంది. అరుస్తుందేమోనని ఆయన ఎదురుచూశాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు కూడా. ఆమె అరవలేదు.

"ఎప్పటి నుంచి నాన్నా?"

ఆయనకి జవాబు తెలుసు. అది ఆయన దస్తూరీలోనే బల్ల మీద ఉంది. కూతురు నోటుపుస్తకం దగ్గరికి లాక్కుని మొదటి పేజీ తీసింది.

"సోమవారం. ఏడూ ఇరవై నుంచి ఏడూ ముప్ఫై ఒకటి. రెండొందల నలభై. పై అమ్మాయి." పేజీ మీద వేలు ఉంచి ఆగింది. "ఆ అమ్మాయి రాగానే నువ్వే పైకి వెళ్ళి చెప్పాలి. నేను రాను."

"వెళ్తానమ్మా."

"మంగళవారం. ఏడూ ఇరవై ఒకటి. రెండొందల ముప్ఫై ఐదు. పై అమ్మాయి. బుధవారం. ఏడూ పంతొమ్మిది, పన్నెండు నిమిషాలు. రెండొందల డెబ్బై. పై అమ్మాయి." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు, తగ్గలేదు. "ఆదివారం. తొమ్మిదీ పది. పై అమ్మాయి ఆలస్యంగా లేచింది."

"చాలమ్మా," అన్నాడాయన. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఆపలేదు. ఒక్కో రోజూ చదువుతూ పోయింది. ఒక్కో రోజూ ఆ తడి నేల మీద, ఆ కొళాయి పట్టుకుని అంకెలు లెక్కపెడుతున్న పిల్ల ఆయన కళ్ళ ముందు నిలబడింది. మూడో పేజీలో, ఒక గురువారం దగ్గర ఆమె వేలు ఆగింది. అక్కడ అంకె లేదు. ఒక మాట రాసి, దాని కింద రెండు గీతలు గీసి ఉంది.

"ఇవాళ పెరగలేదు. దొంగ జాగ్రత్త పడింది."

కూతురు ఆ వాక్యం రెండోసారి మనసులోనే చదువుకుంది. తర్వాత పుస్తకం మూసి తండ్రి ముందుకు జరిపింది.

"ఆ రోజు దానికి జ్వరం నాన్నా. స్నానం చేయించలేదు."